అప్పలసూరి లేట్

శ్రీకాకుళం కలెక్టరాఫీసు ఎదురుగా రోడ్డు దాటితే ఒక జిరాక్సు కొట్టు, దాన్ని ఆనుకుని రెండు మెట్లు కిందికి దిగే ఇరుకు గది ఒకటి ఉండేవి. ఆ గదిలో జ్ఞానసుందరి కూర్చుని టైపు చేసేది. మొదట్లో పాత మిషను మీద, ఆ తర్వాత కంప్యూటరు మీద. అర్జీలు, అఫిడవిట్లు, ఉద్యోగాలకి దరఖాస్తులు, సెలవు చీటీలు, ఏవి కావాలంటే అవి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఆమెను టైపమ్మ అనేవారు. ఆ పేరు ఆమెకు నచ్చింది కూడా.

ఇల్లు అరసవల్లిలో. పొద్దున్నే గుడికి వచ్చే జనాన్ని దించేసి ఖాళీగా తిరిగి వెళ్ళే ఆటో ఎక్కి కొట్టుకు వచ్చేది. ఆదివారం మాత్రం కొట్టు మూసి బాప్టిస్టు చర్చికి వెళ్ళేది. అక్కడి సంఘ పత్రికను టైపు చేసేదీ ఆమే. చదువు మిషను స్కూల్లో పదో తరగతి దాకా, ఆపైన టైపు హయ్యరు పాసు. నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే వేళ్ళు. అంత వేగంగా కొడుతున్నాను కదా, నాకు ఇంగ్లీషు వచ్చేసిందని చాలా ఏళ్ళు అనుకుంది. వచ్చింది వేళ్ళకే గాని తనకు కాదని 2011లో తెలిసింది.

ఆ ఏడు గజపతినగరం నుంచి నీలవేణి అనే పిల్ల వచ్చింది. ఏదో ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం ఖాళీ ఉందట, దరఖాస్తు టైపు చేయించుకుంది. ఈ ఉద్యోగానికి నేను ఎలిజిబుల్ అని రాయాల్సిన చోట జ్ఞానసుందరి ఇల్లెజిబుల్ అని కొట్టింది. మూడు కాపీల్లోనూ అదే మాట. మూడు వారాల తర్వాత నీలవేణి మళ్ళీ వచ్చి ఆ కాగితం టేబుల్ మీద పెట్టింది.

"అక్కా, ఈ మాటకి అర్థం ఏటి? ఇంటర్వ్యూలో ఒకాయన పైకి సదివి నవ్వీసినాడు. మిగతావోళ్ళూ నవ్వినారు. ఎందుకో నాకు తెల్దు."

జ్ఞానసుందరి డిక్షనరీ తీసి చూసింది. ఎలిజిబుల్ అంటే అర్హత ఉన్నది. ఇల్లెజిబుల్ అంటే చదవడానికి వీలుకాని రాత. నేను చదవడానికి వీలుకాని దాన్ని కాబట్టి నాకు ఉద్యోగం ఇప్పించండి అని ఆ పిల్ల చేత సంతకం పెట్టించినట్టయింది. నీలవేణి తిట్టలేదు, గొడవ పడలేదు. "అలగా" అని ఊరుకుని కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ ఊరుకోవడమే జ్ఞానసుందరికి ముల్లులా దిగింది. మరుసటి ఏడు ఇంకో చోట ఉద్యోగం దొరికిందని నీలవేణి ఫోన్ చేసేదాకా ఆ ముల్లు కదల్లేదు.

అప్పటి నుంచి ఆమె ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుంది. ఒకేలా వినిపించే మాటలు, ఒకేలా కనిపించే మాటలు, దగ్గర దగ్గర అర్థాలున్నా ఒకటి కాని మాటలు దొరికినవి దొరికినట్టు జతలుగా రాసుకునేది. కాగితాలు, కలాలు అమ్మే స్టేషనరీ వేరు, కదలకుండా నిలబడిపోయిన స్టేషనరీ వేరు. రోగం పట్టిన డిసీజ్డ్ వేరు, చనిపోయిన డిసీస్డ్ వేరు. ఒక కాంట్రాక్టు టీచరు మళ్ళీ సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నానని రాయించుకోబోయి, రాజీనామాకు సిద్ధంగా ఉన్నానని చిత్తు రాసుకొచ్చాడు. ఇంగ్లీషులో రీ-సైన్‌కీ, రిజైన్‌కీ మధ్య తేడా ఒక చిన్న అడ్డగీత. ఆ గీత గీసి ఆయన ఉద్యోగం నిలబెట్టింది. ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారి గది మీద బోర్డులో ఆయన హోదాకు బదులు నీతి, నియమం అనే అర్థమొచ్చే స్పెల్లింగు ఉండేది. వారం రోజులు తటపటాయించి, చివరికి ఒక చీటీ మీద రాసి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసింది.

అలా ఆరేళ్ళు గడిచాయి. మనుషుల బతుకు మారిపోయే మాట ఏది వచ్చినా రెండుసార్లు అడగందే కొట్టేది కాదు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చేది.

2017 డిసెంబరులో, రెండో సోమవారం. సోమవారమంటే గ్రీవెన్సు రోజు, కలెక్టరాఫీసు ముందు అర్జీలు పట్టుకున్న జనం బారులు తీరి ఉంటారు. క్రిస్మస్ దగ్గర పడుతోందని జ్ఞానసుందరి గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టింది. దాని కింద తల వంచుకుని ముగ్గురు లోపలికి వచ్చారు. ముందు వచ్చిన యువకుడి పేరు మురళీమోహన్. భావనపాడులో సెల్ రీచార్జి కొట్టు నడుపుతాడు, డిగ్రీ చదివాడు. వెనక ముప్పై ఏళ్ళ ఆడమనిషి కూర్మమ్మ, ఆమె అత్త జగ్గమ్మ. కూర్మమ్మ నుదుట బొట్టు లేదు, తుడిచేసిన మరక మాత్రం ఉంది. చేతికి గాజులున్నాయి.

"గాజులు నానే తియ్యనివ్వనేదు" అంది జగ్గమ్మ, ఎవరూ అడక్కుండానే. "మనిషిని సూడకుండా గాజులెలగ తీస్తాది?"

మురళీమోహన్ విషయం చెప్పాడు. కూర్మమ్మ మొగుడు అప్పలసూరి గుజరాత్ రేవులో ఒక పడవకి తండేలు, అంటే పడవను నడిపించే పెద్ద. ఊరివాళ్ళే ఇంకో అయిదుగురు అతని కింద పనిచేస్తారు. నవంబరు ఆఖర్న వేటకెళ్ళారు. ఆ వెనకే తుపాను వచ్చింది. పది పన్నెండు రోజులుగా మాటా పలుకూ లేదు. చివరికి మొన్న శనివారం సాయంత్రం పడవ ఓనరు దగ్గర గుమస్తా జయేశ్ అనే అతను కూర్మమ్మ ఫోనుకి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. ఆరుగురూ పోయారని.

"ఆరిళ్ళ తరఫునా ఒకటే అర్జీ పెడదామని వచ్చినాం మేడమ్. శవాలైనా తెప్పించమని. సచ్చిపోయినోళ్ళ పేర్లు ఇవి." ఆరు పేర్లున్న కాగితం ముందు పెట్టాడు.

జ్ఞానసుందరి కంప్యూటరు వైపు తిరిగి కలెక్టరు గారి చిరునామా కొట్టింది. విషయం అని కొట్టింది. తర్వాత వచ్చే మాట చనిపోయిన అనేది. అక్కడ వేళ్ళు ఆగిపోయాయి.

"బాబూ, ఆ మెసేజ్ ఒకసారి చూడొచ్చా?"

మురళీమోహన్ ముఖం చిట్లించాడు. "నాను సదివినాను మేడమ్."

"చదివావు బాబూ, కాదనను. చనిపోయారని రాస్తున్నాను కదా, ఒక్కసారి కళ్ళతో చూసి రాస్తాను."

కూర్మమ్మ కొంగు ముడి విప్పి చిన్న బటన్ల ఫోను తీసి ఇచ్చింది. తెర మీద రెండే ముక్కలు. ఆల్ సిక్స్ లూజ్ టుడే. అప్పలసూరి లేట్.

చదివితే మురళీమోహన్ చెప్పినట్టే ఉంది. ఆరుగురినీ పోగొట్టుకున్నారు. అప్పలసూరి లేడు. పెళ్ళి శుభలేఖల మీద చనిపోయిన తాతల పేర్ల ముందు వేసే లేట్, ఆమె కొన్ని వందలసార్లు కొట్టిన మాట.

"లూజ్‌కి ఒకటే ఓ ఉన్నాది, సూసినారా?" అన్నాడు మురళీమోహన్. "రెండు ఓలుంటే వదులు. ఒకటే ఉంటే పోగొట్టుకోడం. అనుమానమొచ్చి ఫోన్లో డిక్షనరీ కూడా సూసినాను. నిన్న ఫోన్ సేస్తే ఒకపాలి తగిలినాది. ఆడేటో హిందీలో గబగబా సెప్పినాడు, నాకు హిందీ రాదు. అప్పలసూరి, లేట్, లేట్ అని రెండు మూడుసార్లు అన్నాడు. లైను కట్ అయిపోనాది. మరింక తగల్లేదు."

అతను తప్పేమీ చెప్పలేదు. ఒక ఓ ఉన్న లూజ్‌కీ, రెండు ఓలున్న లూజ్‌కీ తేడా తెలిసిన మనిషి ఆ పల్లెలో అతనొక్కడే. జ్ఞానసుందరి నోటుబుక్కులో కూడా అదే రాసి ఉంది. మన నోటికి రెండూ లూజే, రాతలోనే తేడా. కాని నీలవేణి కాగితం ఆమెకు ఇంకో సంగతి నేర్పింది. రాసిన మాట డిక్షనరీ ప్రకారం ఏమిటన్నది ఒకటి, రాసిన మనిషి మనసులో ఏముందన్నది ఇంకొకటి.

"నువ్వు చెప్పింది కరెక్టే బాబూ" అంది. "మరి రాసినవాడికి ఆ తేడా తెలుసా?"

మురళీమోహన్ మళ్ళీ తెర మీదికి వంగి చూశాడు. ఆమె కూర్మమ్మ వైపు తిరిగింది.

"కూర్మమ్మా, ఈ జయేశ్ ఇంతకుముందు కూడా మెసేజ్‌లు పెట్టేవాడా?"

"పెట్టీవోడమ్మా. నాకు సదవడం రాదు. ఈ మురళీ సేత సదివించుకునీదాన్ని. ఏదీ తీసీలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి."

జ్ఞానసుందరి కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే పైకి జరుపుతూ చూసింది. అక్టోబరుది, బోట్ లేట్, కమ్ ఫ్రైడే. సెప్టెంబరుది, అప్పలసూరి ఫీవర్. ఆ తర్వాత నాలుగు రోజులకు ఇంకొకటి. ఫీవర్ ఓకే. హాస్పిటల్ లూజ్ టుడే.

ఆ మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. ఆ లూజ్‌కీ ఒకటే ఓ.

"అమ్మా, సెప్టెంబరులో మీ ఆయనకి జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. నాల్రోజులు."

"తర్వాత?"

"వదిలీసినారు. రూముకొచ్చి ఫోన్ సేసినాడు, గంజి తాగుతన్నాను అని. మరింక మెసేజ్ సదివించుకోనేదు."

వదిలీసినారు. జ్ఞానసుందరి ఆ మాటను లోపల ఇంకోసారి అనుకుంది. వదులు, వదలడం, వదిలేయడం. ఆసుపత్రి రోగిని పోగొట్టుకోదు, వదిలేస్తుంది. జయేశ్‌కి వదిలేశారు అనడానికి తెలిసిన ఇంగ్లీషు ముక్క ఇదొక్కటే అయి ఉండాలి, అది కూడా ఒక ఓ తక్కువగా. ఇక లేట్ సంగతి. చనిపోయినవాడికైతే పేరుకు ముందు వేస్తారు. ఇతను పేరు తర్వాత వేశాడు, బోట్ లేట్ అన్నట్టే.

అయితే ఆరుగురినీ పోగొట్టుకోలేదు, ఎక్కడి నుంచో వదిలేశారు. అంతలోనే భయం వేసింది. ఆరిళ్ళు రెండు రోజులుగా ఏడుస్తున్నాయి. ఇప్పుడు బతికున్నారని చెప్పి, అది కూడా తప్పైతే? ఒక మాట తప్పు కొట్టినందుకే ఏడాదిపాటు నిద్ర సరిగా పట్టలేదు.

"అమ్మా, నేనిప్పుడే ఏమీ చెప్పలేను" అంది. "అర్జీ తర్వాత కొడదాం. హిందీ వచ్చినవాళ్ళని పిలుస్తాను. ఒక్క ఫోన్ చెయ్యనివ్వండి."

జగ్గమ్మ ఆమె ముఖంలోకి నిదానంగా చూసింది. "ఏటమ్మా, నీ మొకం మారినాది. ఏటున్నాది అందులో?"

"ఏమో అమ్మా. ఉండండి."

స్టాన్లీ ఆమె చర్చి పెద్దల్లో ఒకడు. రైల్వేలో గార్డుగా ఖరగ్‌పూర్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై వచ్చాడు. హిందీ, బెంగాలీ, ఒడియా, మూడూ గడగడా మాట్లాడతాడు. ఫోన్ చేస్తే పావుగంటలో సైకిలేసుకుని వచ్చేశాడు. సంగతంతా విని, కుర్చీలో కూర్చుని, కూర్మమ్మ ఫోనులో జయేశ్ నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. రెండోసారి స్విచాఫ్ అంది. కూర్మమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. బయట లైనులో ఎవరో జ్ఞానసుందరిని కేకేశారు. ఆమె కళ్ళు మూసుకుంది. ప్రభువా, ప్రభువా అని పెదవులు కదుపుతోంది.

అయిదు నిమిషాలు ఆగి స్టాన్లీ మూడోసారి చేశాడు. ఈసారి ఎత్తారు. హలో జయేశ్ భాయ్ అని మొదలుపెట్టి, హిందీలో రెండు మాటలు అడిగి, వింటూ కూర్చున్నాడు. చాలాసేపు విన్నాడు. కనుబొమలు పైకి లేచాయి. చటుక్కున నవ్వేశాడు.

"అమ్మా, బతికున్నారు!" అన్నాడు తెలుగులో. "ఆరుగురూ బతికున్నారు!"

స్టాన్లీ ఫోనులో వింటూ, ఇటు చెబుతూ పోయాడు. తుపానులో ఇంజిను ఆగిపోయింది. రెండు రోజులు సముద్రం ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారు. దక్షిణంగా వెళ్తున్న ఇంకో పడవవాళ్ళు తాడు వేసి వేరే రేవుకు లాక్కెళ్ళారు. కాగితాలన్నీ తడిసి ముద్దైపోయాయి, ఫోన్లు సముద్రం పాలయ్యాయి. ఎవరు, ఎక్కడివాళ్ళు అని తేలేదాకా ఆ రేవులో ఉంచారు. శుక్రవారం ఓనరుకు కబురు తెలిసింది. జయేశ్ కాగితాలు పట్టుకెళ్ళాడు. శనివారం వదిలేశారు. అయిదుగురు నిన్న పొద్దున్న రైలెక్కారు. తండేలు సంతకాలు పెట్టాలి, ఇంజిను బాగు చేయించాలి. అందుకని అప్పలసూరి నాలుగు రోజులు లేటుగా వస్తాడు.

"లేటుగా" అన్నాడు మురళీమోహన్ మెల్లగా.

"పక్కనే ఉన్నాడట, ఇస్తున్నాడు" అని స్టాన్లీ ఫోను కూర్మమ్మ చెవికి పెట్టాడు.

గది చిన్నది. ఆ గొంతు అందరికీ వినపడింది. "ఒసే కూర్మీ! ఏటే, మాటాడవేటి?"

కూర్మమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు సచ్చిపోనావు" అంది.

"ఎవుడు సెప్పినాడు?"

"మీ జయేశే సెప్పినాడు. మెసేజ్ పెట్టినాడు."

"ఆడి మొకం! ఆడు నా పక్కనే టీ తాగుతన్నాడు."

కూర్మమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టింది, తుపానును తిట్టింది, గుజరాత్‌ని తిట్టింది. జగ్గమ్మ ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంది. నమ్మకం చిక్కలేదు ఆవిడకి.

"ఒరే, నువ్వు అప్పలసూరివేనేటి? అయితే మీ నాన్న సెల్లి పేరేటో సెప్పు."

"తాతమ్మత్త. ఏటమ్మా ఇది?"

"ఆవిడికి ఏ కన్ను కనపడదు?"

"ఎడం కన్ను."

"ఆడే!" అంది జగ్గమ్మ గదిలోని అందరివైపూ తిరిగి, సాక్ష్యం చెప్పినట్టు. "నా కొడుకే!" ఫోను స్టాన్లీకి ఇచ్చేసి కోడలి గడ్డం పట్టి పైకెత్తింది. "బొట్టు ఏదమ్మా, కొంచెం కుంకుమ ఇయ్యి" అంది జ్ఞానసుందరితో.

జ్ఞానసుందరి దగ్గర కుంకుమ ఎక్కడిది? ఆమె బొట్టు పెట్టుకోదు, కొట్టులోనూ ఉంచదు. పక్క కొట్టులో అడిగి తెస్తానని లేచింది. జగ్గమ్మకు అంత ఓపిక లేదు. టేబుల్ మీద వేలిముద్రల కోసం పెట్టిన ఇంకు ప్యాడు కనపడింది. దాని మీద వేలు నొక్కి కోడలి నుదుటి మీద గుండ్రంగా అద్దేసింది. ఊదారంగు బొట్టు. కూర్మమ్మ ముఖం కన్నీళ్ళతో తడిసి ఉండటాన అది కొంచెం కిందికి కారింది. స్టాన్లీ నవ్వాడు. జ్ఞానసుందరి నవ్వబోయి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

మురళీమోహన్ గదిలో లేడు. బయట మెట్టు మీద, రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. జ్ఞానసుందరి వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆరిళ్ళోళ్ళు నా మాట నమ్మి రెండ్రోజులు అన్నం ముట్టలేదు మేడమ్" అన్నాడు. "డిక్షనరీ కూడా సూసినాను."

"నువ్వు చదివింది సరిగ్గానే చదివావు. రాసింది తప్పు రాశాడు, అతను కూడా కావాలని కాదు. నేను ఒకమ్మాయికి ఇంతకంటే పెద్ద తప్పు రాసి పెట్టాను, తెలుసా?" నీలవేణి సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పని సంగతి అది. చెప్పాక, ఆశ్చర్యంగా, ఒళ్ళు తేలికైనట్టనిపించింది. "లే బాబూ. దుఃఖం కబురు నువ్వే మోశావు, ఈ కబురూ నువ్వే మొయ్యి. ఇంకా అయిదిళ్ళున్నాయి."

అతను లేచి ఫోను తీశాడు. మొదటి ఇంట్లో బుల్లమ్మ అనే ముసలామె ఎత్తింది. మనవడు బతికే ఉన్నాడని చెబితే నమ్మలేదు, వేళాకోళాలాడతన్నావా అని తిట్టింది. ఆ తిట్లను అతను తల ఊపుతూ, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ విన్నాడు. అయిదో ఇంటికి చేసేసరికి అవతల ఊరంతా గోలగోలగా ఉంది, అతను చెప్పాల్సిన పని లేకపోయింది.

లోపల కంప్యూటరు మీద అర్జీ సగంలో ఆగి ఉంది. మూసేస్తుంటే, దాచమంటారా అని కంప్యూటరు అడిగింది. జ్ఞానసుందరి వద్దని నొక్కింది. అయిదు టీలు, బన్నులు తెప్పించింది. జగ్గమ్మ టీలో బన్ను ముంచుకుని రెండు బన్నులు తింది, ఇంకోటి కోడలి చేత తినిపించింది. శనివారం తర్వాత కడుపులో పడ్డది అదేనట. బయట లైనులో ఉన్నవాళ్ళకు సంగతి తెలిసి, ఆ రోజు ఒక్కరూ ఆలస్యమైందని విసుక్కోలేదు.

అయిదుగురూ ఆ వారంలోనే నౌపడ స్టేషన్లో దిగారు. అప్పలసూరి చెప్పిన దానికంటే ఇంకో రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు పెళ్ళాన్ని, తల్లిని వెంటబెట్టుకుని జ్ఞానసుందరి కొట్టుకు వచ్చాడు. పొట్టి మనిషి, ఎండకు కమిలిపోయి ఉన్నాడు, పెదవులింకా పగిలే ఉన్నాయి. తాటాకు బుట్టలో చందువా చేపలు తెచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక గదంతా కలియజూసి, "ఇక్కడేనేటి నాను బతికినాను?" అన్నాడు. జగ్గమ్మ వాడి వీపు మీద చరిచింది.

జ్ఞానసుందరి అతనికి ఒకే ఒక్క పని చెప్పింది. ఈసారి వెళ్ళినప్పుడు జయేశ్ మెసేజ్ రాయడం మానేసి, తిన్నగా స్టాన్లీకి ఫోన్ చేయాలని. స్టాన్లీ నంబరు పెద్ద పెద్ద అంకెలతో కొట్టి, ఆరు కాగితాలు తీసి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చింది.

మరుసటి ఆగస్టులో అప్పలసూరి మళ్ళీ గుజరాత్ వెళ్ళాడు. ఇక్కడ పని దొరికితే వెళ్ళను అన్నాడు గాని, దొరకలేదు. అప్పటి నుంచి పడవ రేవులోంచి బయల్దేరినా, తిరిగి వచ్చినా జయేశ్ స్టాన్లీకి ఫోన్ చేస్తాడు, అదీ సరిగ్గా మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకి. చర్చిలో కనపడ్డప్పుడల్లా స్టాన్లీ ఆ సంగతి చెప్పి జ్ఞానసుందరి మీద విసుక్కుంటాడు. తర్వాత, పడవ ఎక్కడుందో, ఎంత చేప పడిందో, అందరూ ఎలా ఉన్నారో, అడక్కుండానే పూసగుచ్చినట్టు చెబుతాడు.